మా పార్కులో వడ్రంగి పిట్ట తొలుస్తున్న ఎండు తురాయిని కొట్టించాలా, ఉంచాలా?

నయీంనగర్ టీచరమ్మ

నమస్కారం. మాది హన్మకొండలో నయీంనగర్ వైపు కాలనీ. ఇళ్ల మధ్య ఎకరానికి కాస్త తక్కువ పార్కు ఉంది. వేపలు, కానుగలు, గోడ వారన ఒక రావి, వెనక మూలన రెండు తాటి చెట్లు, నడక దారి మలుపులో పెద్ద తురాయి. పోయిన వేసవిలో వచ్చిన గాలివానకు ఆ తురాయి తల విరిగి పడింది. ఒక పక్క కొమ్మ మళ్లీ చిగిర్చింది గాని, మిగిలిన మాను నిలువునా ఎండిపోయింది.

సంక్రాంతి తరువాత నుంచి ఆ ఎండు మాను మీదికి ఒక పిట్ట వస్తోంది. మైనా కంటే పెద్దది. వీపు, రెక్కలు బంగారు పసుపు. తల మీద మంచి ఎరుపు కుచ్చు. ముఖాన తెలుపు, నలుపు చారలు. మాను అడుగున వాలి, నిటారుగా గెంతుతూ పైకి పోతుంది. మధ్యలో ఆగి టకటకా పొడుస్తుంది. నేను దగ్గరికి వెళితే వెంటనే ఎగిరిపోదు, మానుకు అవతలి పక్కకు తప్పుకుంటుంది. నేను అటు తిరిగితే అది ఇటు వస్తుంది. ఎగిరేటప్పుడు మాత్రం కాలనీ అంతా వినిపించేలా అరుస్తుంది.

ఇంకో చిన్న పిట్ట, నలుపు తెలుపు మచ్చలది, అప్పుడప్పుడు వేప కొమ్మల మీద ఇలాగే పాకుతోంది. మూడోది కంటికి కనిపించదు. ఎండ ముదిరాక ఎక్కడి నుంచో ‘టుక్ టుక్ టుక్’ అని ఆగకుండా వినిపిస్తుంది. అది కూడా ఈ జాతేనా?

అసలు సంగతి ఇది. వచ్చే ఆదివారం కాలనీ సంఘం సమావేశం ఉంది. ఎండిన తురాయిని మొదలంటా కొట్టించాలని ఒక వర్గం పట్టుదలగా ఉంది. ఈ పిట్టే చెట్టును తొలిచి చంపిందని, ఇప్పుడు వేపల మీద పడిందని వారి వాదన. టపాకాయలు కాల్చి తరిమేయాలని కూడా ఒకరన్నారు. మా బడిలో ఆరో తరగతి పిల్లలు కొందరు ఈ కాలనీ వారే. సాయంత్రం ఆట మానేసి ఆ మాను కింద నిలబడి తలెత్తి చూస్తున్నారు. పుస్తకంలో బొమ్మగా చూసిన పిట్ట వాళ్ల ఇంటి ముందుకు వచ్చింది. దాన్ని తరిమేయడం చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. అయితే నా ఇష్టం ఒక్కటే చెబితే సమావేశంలో ఎవరూ వినరు. తెలిసినవారు వివరంగా రాయండి. నిజంగా ఈ పిట్ట చెట్టును చంపుతుందా?

కేయూ జువాలజీ విద్యార్థి

మేడం, మీరు వర్ణించిన పెద్ద పిట్టను ఇంగ్లిషులో బ్లాక్ రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్ అంటారు. శాస్త్రీయ నామం డైనోపియం బెంగాలెన్స్. కొన నుంచి కొన దాకా 26 నుంచి 29 సెంటీమీటర్లు ఉంటుంది. మన దేశంలో ఊళ్ల మధ్య, తోటల్లో బతకగలిగిన వడ్రంగి పిట్టల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మా కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్ల వెనక చెట్ల మీద తరచూ చూస్తుంటాం. ఎగిరేటప్పుడు నడుము చూడండి, నల్లగా ఉంటుంది. గొంతు కూడా నలుపే, దాని మీద సన్నని తెల్ల గుర్తులుంటాయి.

చిన్నది బహుశా ఎల్లో క్రౌన్డ్ ఉడ్‌పెకర్, అదే మరాఠా వడ్రంగి పిట్ట. నుదురు పసుపు పచ్చగా ఉంటుంది, పొట్ట కింద ఎర్ర మచ్చ ఉంటుంది. పొడవు 17, 18 సెంటీమీటర్లు. పిచ్చుకంతే ఉంటే మాత్రం అది పిగ్మీ వడ్రంగి అయి ఉండవచ్చు. అది 13 సెంటీమీటర్లకు మించదు, సన్నని కొమ్మల చివరల్లో తిరుగుతుంది. సైజు సరిగ్గా చూసి చెప్పండి.

మూడోది వడ్రంగి పిట్ట కాదు. అది కంసాలి పిట్ట. ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద, రొమ్ము మీద ఎరుపు. ఆ ‘టుక్ టుక్’ దాని గొంతు, ముక్కుతో కొట్టే చప్పుడు కాదు. మీ పార్కులో రావి ఉందన్నారు కదా, దాని పండ్ల కోసమే వస్తుంది.

కరీంనగర్ కాలనీవాసి

టీచర్ గారూ, పిట్ట అందంగానే ఉంటుంది, కాదనను. నేను మా కాలనీ సంఘంలో పనిచేస్తాను కాబట్టి అవతలి వారి మాట కూడా చెబుతాను. రెండేళ్ల కింద మా పార్కు పక్కన ఎండిన కొమ్మ విరిగి, నిలిపి ఉన్న ఆటో మీద పడింది. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ తరువాత నెల రోజులు అందరూ మమ్మల్నే నిలదీశారు. ఎండిన చెట్టు నడక దారి మలుపులో ఉందని మీరే రాశారు. కింద పిల్లలు నిలబడుతున్నారని కూడా రాశారు. తొర్రలు పడితే మాను ఇంకా బలహీనమవుతుంది గదా? ఒక చెట్టు కొట్టి, బదులుగా పది మొక్కలు నాటితే పిట్టలకూ మంచిదే అని నా అభిప్రాయం.

తాడ్వాయి బీటు

అమ్మా, అటవీ శాఖలో చిన్న ఉద్యోగంతో చేరి, బీటు, సెక్షను తిరిగి పదవీ విరమణ చేసినవాణ్ణి. తాడ్వాయి, ఏటూరునాగారం, పాకాల అడవుల్లో నా వయసంతా గడిచింది. ఇప్పుడు హన్మకొండలోనే ఉంటున్నాను. కరీంనగర్ తమ్ముడు అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చివర చెబుతాను. ముందు పిట్ట మీద పడిన నింద సంగతి తేల్చాలి.

చెట్టు ముందు చచ్చింది, పిట్ట తరువాత వచ్చింది. మీ పోస్టులోనే ఆ వరుస ఉంది. పోయిన వేసవిలో తల విరిగింది, సంక్రాంతి తరువాత పిట్ట కనబడింది. తురాయి కలప గట్టిది కాదు. గాలికి తొందరగా విరుగుతుంది. విరిగిన చోట వాన నీరు దిగుతుంది, శిలీంధ్రం పట్టి లోపలి చేవ మెత్తబడుతుంది. బెరడు వదులవుతుంది. ఆ సందుల్లో పెంకు పురుగులు గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు కలపను తింటూ సొరంగాలు చేస్తాయి. చీమలు చేరతాయి, చెద చేరుతుంది. ఇంత జరిగాక పిట్ట వస్తుంది. అది పొడిచేది పురుగు ఉన్న చోట. మీరే పరీక్షించి చూడండి: ఎండిన మాను మీద ఎన్ని గాట్లు ఉన్నాయి, చిగిర్చిన పక్క కొమ్మ మీద ఎన్ని ఉన్నాయి? ఆ తేడాను ఫోనులో ఫొటో తీసి సమావేశంలో చూపించండి. నా మాట కంటే అది గట్టిగా పనిచేస్తుంది.

ఈ పిట్ట మీ తురాయి మీద చేస్తున్న పనిని కాస్త దగ్గరగా చూడండి. కాలికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి, అందుకే నిటారు మాను మీద పట్టు జారదు. తోక ఈకలు బిరుసు. వాటిని మానుకు ఆనించి, రెండు కాళ్లు ఒక తోకతో మూడు ఆధారాలు చేసుకుని నిలుస్తుంది. ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే కాలంలో కూడా తోక నడిమి ఈకలు రెండింటినీ చివరికి గాని రాల్చదు. పక్క ఈకలు ఎదిగి బరువు మోయగలిగాకే వాటి వంతు. కిందికి దిగవలసి వస్తే తలకిందులుగా దిగదు, వెనక్కి వెనక్కి జారుతుంది. ఎక్కువగా ఆ కష్టం పెట్టుకోదు. ఒక మాను పైదాకా వెతికి, అక్కడి నుంచి ఎగిరి ఇంకో మాను మొదట వాలుతుంది. ఎగరడం కూడా తిన్నగా ఉండదు, లేస్తూ పడుతూ పోతుంది. ఆ అరుపు గుర్రం సకిలింపులా ఉంటుంది, ఒకసారి విన్నవారు మరచిపోరు.

నాలుక మరీ విచిత్రం. నాలుకను మోసే సన్నని ఎముకలు పుర్రె వెనక నుంచి చుట్టి నెత్తి మీదుగా ముక్కు మొదలు దాకా వస్తాయి. అందుకే ముక్కు దాటి చాలా దూరం చాపగలదు. చివర జిగురు, చిన్న ముళ్లు. సొరంగం లోపలి పురుగుకు తప్పించుకునే దారి లేదు. ఈ బంగారు వీపు పిట్టకు చీమలంటే మరీ ఇష్టం. నేల మీద దిగి చీమల పుట్టలను కెలకడం నేను చాలాసార్లు చూశాను. మీ పార్కులో చెట్ల మొదళ్ల చుట్టూ చీమల మందు చల్లుతుంటే మాన్పించండి. ఎండుటాకులను మానుకు ఆనించి తగలబెట్టడం కూడా మాన్పించండి. వేడికి బెరడు చచ్చేది అక్కడే, చెట్టుకు నిజమైన హాని అది. పిట్టను నిందించేవారికి ఆ పొగ కనబడటం లేదంటే నాకు బాధగా ఉంటుంది.

చప్పుళ్లను వేరు చేసి వినండి. ఆగి ఆగి, క్రమం లేకుండా ఒకటి రెండు దెబ్బలు వినిపిస్తే తిండి వెతుకుతోంది. ఒకే చోట చాలాసేపు మందంగా కొడుతుంటే, కింద చెక్క పెచ్చులు రాలుతుంటే, తొర్ర తొలుస్తోంది. బోలుగా మోగే కొమ్మ మీద ఒక్కసారిగా దడదడమని వేగంగా మోగిస్తే అది డప్పు. ఈ చెట్టు నాది, ఈ జత నాది అని పొరుగు పిట్టలకు చాటింపు. కొన్ని జాతులు సెకనుకు 20 దెబ్బల దాకా కొడతాయి.

ఇప్పుడు ఫిబ్రవరి చివరికి వచ్చాం. దాదాపు జులై దాకా వీటికి గూడు కట్టే కాలం. కట్టడం అన్నాను గాని, పుల్లా పీచూ ఏమీ తేవు. తొర్ర అడుగున మిగిలిన చెక్క పెచ్చుల మీదే తెల్లని గుడ్లు, మామూలుగా మూడు, పెడతాయి. పొదగడం 11 రోజులు, పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో 20 రోజులు. అంటే గుడ్డు పడిన నాటి నుంచి నెల రోజులు చెట్టు కదలకుండా ఉంటే చాలు. అయితే అసలు సంగతి ఆ నెలతో ముగియదు.

వడ్రంగి పిట్ట తొలిచిన తొర్రలో మరుసటి ఏడు వేరేవారు దిగుతారు. రామచిలుక తొలవగలిగేది తక్కువ, పాత తొర్ర దొరికితే అంచులు కొరికి పెద్దది చేసుకుంటుంది. మైనాలు వస్తాయి. పగలు కూడా బయట కనబడే చిన్న గుడ్లగూబలు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా మన పాలపిట్ట. 2014లో రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. దసరా నాడు దాన్ని చూడటానికి ఊరి బయటికి పోతాం. పాలపిట్టకు తొలిచే ముక్కు లేదు. చెట్టు తొర్రో, పుచ్చిన తాటి మోడో దొరికితేనే పిల్లలను పెంచుతుంది. కాలనీల్లో ఎండిన మాను కనబడితే చాలు కొట్టించుకుంటూ పోయి, దసరా రోజున పాలపిట్ట ఏదీ అని వెతకడం సరికాదు.

పది మొక్కల మాట. 2015లో మొదలైన హరితహారంలో నాటిన మొక్కలు చాలాచోట్ల బాగా ఎదిగాయి, నాకు సంతోషమే. కానీ తొర్ర పట్టేంత లావు, మెత్తబడిన చేవ, వదులైన బెరడు మొక్కకు రావాలంటే ఒక తరం పడుతుంది. నాటడం మానవద్దు, నాటండి. ఉన్న మానుకు అది బదులు కాదు.

ఒక విషయం మీ పిల్లలకు చెప్పండి. తురాయి మన చెట్టు కాదు, మడగాస్కర్ దీవిది. ప్రపంచంలో రెండు వందలకు పైగా వడ్రంగి పిట్టల జాతులున్నా, ఆ దీవిలో ఒక్కటీ లేదు. అక్కడ ఐ-ఐ అనే రాత్రి జంతువు పొడవాటి సన్నని వేలితో కొమ్మను తట్టి, పురుగు జాడ విని, చెక్కను కొరికి లాగి తింటుంది. అంటే పుట్టిన దీవిలో ఎప్పుడూ ఎరుగని పిట్టకు ఆ చెట్టు హన్మకొండలో ఇల్లయింది. నాకు ఇది ఎంత తలచినా ఆశ్చర్యమే.

ఇక భద్రత. కరీంనగర్ తమ్ముడూ, ప్రమాదం పక్కకు చాచిన ఎండు కొమ్మలతో. వాటికి బరువు ఉంది, ఆధారం లేదు. ఆ కొమ్మలు కోయించి నిలువు మానును ఉంచవచ్చు. టపాకాయలు మాత్రం వద్దు. పిట్ట గూడు వదిలేసి పోతుంది, గుడ్లు చల్లబడతాయి.

జనగామ తాటివనం

పెద్దాయన చెప్పిన తాటి మోడు మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది తాళ్లు గీసే కుటుంబం. మా నాన్న మోకు వేసుకుని ఎక్కుతుంటే కింద లొట్టి పట్టుకుని నిలబడేవాణ్ణి. కల్లు లొట్టి మూతి చుట్టూ చీమలు చేరతాయి. వాటి కోసం ఈ ఎర్రతల పిట్ట తాటి మట్టల మధ్యకు దూరేది. నాన్న ఎన్నడూ అదిలించలేదు. పిట్ట వాలిన చెట్టుకు కల్లు తగ్గుతుందని గాని, చెట్టు చస్తుందని గాని మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు.

తాటి చెట్టు పిడుగు పడో, కొమ్ము పురుగు మొవ్వు తినేసో తల పోగొట్టుకుంటుంది. తల పోయిన తాడు మళ్లీ చిగిర్చదు. మోడు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది, పైనుంచి లోపల గుల్ల అవుతుంది. మా ఊరి చెరువు కట్ట కింద అలాంటి మోళ్లు వరుసగా ఉండేవి. వాటి నిండా తొర్రలే. ఒక దానిలో చిలకలు, ఒక దానిలో మైనాలు, మోడు కొన మీద పాలపిట్ట. ఇప్పుడు మోడు కనబడితే ఇటుక బట్టీకి అమ్మేస్తున్నారు. ట్రాక్టరు మీద వేసుకుపోతుంటే ఆ తొర్రలు కనబడతాయి. అందులో ఏమైనా ఉన్నాయా అని ఆపి చూసేవారు లేరు.

టీచరమ్మ గారూ, మీ పార్కులో ఉన్న రెండు తాళ్లనూ కనిపెట్టి ఉండండి. తురాయి తరువాత కన్ను వాటి మీదే పడుతుంది.

నయీంనగర్ టీచరమ్మ

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. బీటు సార్ చెప్పినట్టే చూశాను. ఎండిన మాను మీద గాట్లు లెక్కకు అందవు. పచ్చి కొమ్మ మీద వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఫొటోలు తీశాను. మాను కింద లేత రంగు పెచ్చులు రాలి ఉన్నాయి. రెండు మనుషుల ఎత్తుకు కాస్త పైన, మాను వంగిన వైపు కింది భాగాన, పిడికిలి పట్టేంత గుండ్రని కొత్త తొర్ర ఉంది. పిట్ట అందులో తల, రొమ్ము దాకా పెట్టి, పెచ్చులు నోట కరచి బయటికి విసురుతోంది. ఇంకో పిట్ట వచ్చి పక్కన వాలింది. దానికి కుచ్చు ఎరుపే గాని నుదురు నల్లగా, తెల్ల చుక్కలతో ఉంది. అది ఆడదా, పిల్లా?

ఇంకా కొన్ని అడగాలి. వేపల మీద కూడా పొడుస్తోందన్న మాట నిజమే, నేనూ చూశాను. పోయిన చలికాలం మా వేపల కొమ్మల చివర్లు మాడిపోయాయి. అవి చచ్చిపోతాయన్న భయం కాలనీలో అందరికీ ఉంది. రెండోది, మా పిల్లల ప్రశ్న: అంతలా తల కొట్టుకుంటే పిట్టకు నొప్పి పుట్టదా? మూడోది సంఘం కార్యదర్శి అడిగారు: చట్టం ఏమైనా అడ్డొస్తుందా?

తాడ్వాయి బీటు

చాలా మంచి పని చేశారమ్మా. నల్ల నుదుటి మీద తెల్ల చుక్కలున్నది ఆడ పిట్ట. మగదానికి నుదుటి నుంచి కుచ్చు దాకా మొత్తం ఎరుపే. జత కుదిరింది, తొర్ర తవ్వుతున్నాయి. వాన నీరు లోపలికి పోకుండా వంగిన వైపు కింది భాగాన్ని ఎంచుకున్నాయి. ఇక ఆ మానును కదిలించకూడదు. పిల్లలను పది, పదిహేను అడుగులు దూరంగా నిలబెట్టండి. సెల్ఫీ కోసం ఎవరూ నిచ్చెన వేయకుండా చూడండి.

వేపల సంగతి. ఈ మధ్య సంవత్సరాల్లో తెలంగాణ అంతటా వేపలకు కొమ్మ చివర్లు ఎండే తెగులు వచ్చింది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. వానాకాలంలో మొదలై చలికాలానికి చెట్టు కాలిపోయినట్టు కనబడుతుంది. చాలా వేపలు ఎండాకాలం ముందు మళ్లీ చిగురిస్తాయి. మీవి కూడా ఇప్పుడు దగ్గరగా చూడండి, చిగురు కనబడాలి. ఎండిన కొమ్మల్లో పురుగు చేరుతుంది, ఆ పురుగు కోసం పిట్ట వేప మీదికి పోతుంది. చిన్న మరాఠా పిట్ట కూడా అందుకే వస్తోంది. అవి ఏరే ప్రతి పురుగూ మీ వేపకు తగ్గిన బెడదే. పూర్తిగా ఎండిన చిన్న కొమ్మలను కత్తిరించి దూరంగా వేయించండి, తెగులు తగ్గడానికి అది సాయపడుతుంది. పిట్టను తరిమితే తెగులు పోదు.

తలనొప్పి ప్రశ్న వేసిన పిల్లలను నా తరఫున మెచ్చుకోండి. పుర్రెలో మెత్తని ఎముక ఉండి దెబ్బను పీల్చుకుంటుందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. 2022లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్తలు, మరికొందరితో కలిసి, వడ్రంగి పిట్టలు పొడవడాన్ని అతివేగపు కెమెరాలతో తీసి లెక్కగట్టారు. కరెంట్ బయాలజీ పత్రికలో అచ్చయింది. దెబ్బను పీల్చుకునే ఏర్పాటు ఏదీ కనబడలేదు. తల గట్టిగా, మొత్తం ఒకే ముక్కగా కదులుతోంది. ఆలోచిస్తే అదే సబబు. తలలో మెత్త ఉంటే దెబ్బ బలం అందులోనే పోయి, చెక్కలో దిగేది తగ్గిపోతుంది. మరి మెదడుకు ఎందుకు దెబ్బ తగలదు? మెదడు చాలా చిన్నది కాబట్టి. మనిషి మెదడును గాయపరిచే కుదుపు ఆ చిన్న మెదడును గాయపరచదు. దుమ్ము పడకుండా ముక్కు రంధ్రాల మీద సన్నని ఈకలుంటాయి, దెబ్బ తగిలే క్షణాన కంటికి పొర అడ్డం వస్తుంది.

చట్టం అడ్డొస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. పిట్ట పార్కులో ఉన్నా అది అడవి పక్షే. చెట్టు సంగతికి వస్తే, నీరు, భూమి, చెట్ల సంరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది. ఇష్టం వచ్చినట్టు కొట్టడానికి వీల్లేదు, ముందు అనుమతి తీసుకోవాలి. దీన్ని బెదిరింపుగా చెప్పకండి. ముందు మీ ఫొటోలు చూపించండి, తొర్ర చూపించండి, ఆ తరువాత కాగితం మాట.

తాడ్వాయి అడవిలో 2024 ఆగస్టు 31న వీచిన సుడిగాలికి వేల చెట్లు కూలాయి. నేను అప్పటికే విరమించాను గాని, తరువాత పోయి చూశాను. వేళ్లతో సహా నేల మీద పడిన చెట్ల మధ్య, తల తెగి నిలువుగా మిగిలిన మాన్లు అక్కడక్కడా ఉన్నాయి. వడ్రంగి పిట్టల అరుపులన్నీ వాటి మీది నుంచే. నేల మీద పడినదాన్ని చెద తింటుంది, అదీ మంచిదే. కానీ గూటికి నిలిచిన మాను కావాలి. అంత అడవిలోనే వాటికి నిలువు మాను అంత విలువైనదైతే, నయీంనగర్‌లో ఎంత విలువైనదో సంఘం పెద్దలకు చెప్పండి.

కరీంనగర్ కాలనీవాసి

అన్నా, నిలువు మాను ఉంచమన్నారు, ఒప్పుకుంటాను. ఎంత ఎత్తు దాకా ఉంచితే క్షేమం? మా పార్కులోనూ ఎండిన నిద్రగన్నేరు ఒకటి ఉంది. ఈ నెలలో దాన్ని కొట్టించాలని అనుకున్నాం. దానికి కూడా ఇదే పద్ధతి పనికొస్తే ఆపిస్తాను.

తాడ్వాయి బీటు

తమ్ముడూ, ఆపించు. ముందు మాను చుట్టూ నడిచి తొర్రలు ఎక్కడున్నాయో చూడు. సాయంత్రం చీకటి పడే ముందు అరగంట కూర్చుంటే ఏ తొర్రలోకి ఎవరు పోతున్నారో తెలుస్తుంది. వాడుకలో తొర్ర ఉంటే జులై దాటే దాకా రంపం పెట్టకండి. మరీ వేలాడుతున్న కొమ్మ ఉంటే దాన్ని ఒక్కదాన్నే, తాడు కట్టి దించాలి. పడేసి కొట్టకూడదు, అదురుకు మాను చీలుతుంది.

ఎత్తుకు ఒకే కొలత లేదు. మొదలు దగ్గర సుత్తితో తట్టి చూడు. గట్టిగా మోగితే తొర్రకు పైన నాలుగైదు అడుగులు ఉంచి మిగతాది కోయించు. మొదలే బోలుగా మోగితే, లేదా వేళ్ల దగ్గర నేల పగిలి లేచి ఉంటే, ఆ మాను నడక దారి పక్కన ఉండరాదు. గూడు కాలం అయ్యాక తీయించక తప్పదు. తీసినా తొర్ర ఉన్న దుంగను పారేయకు. దాన్ని అలాగే ఇంకో గట్టి చెట్టుకు నిలువుగా కట్టించు, మేకులు కొట్టకుండా తాడుతో. మైనాలు, చిలకలు అందులో చేరే వీలుంది. వడ్రంగి పిట్ట మాత్రం తన తొర్ర తానే తవ్వుకోవాలంటుంది.

మాను చుట్టూ, దాని ఎత్తుకు సరిపడా దూరంలో, వెదురు దడి కట్టించి ‘పక్షుల గూడు, దగ్గరికి రాకండి’ అని బోర్డు పెట్టించు. బోర్డు దడికి కట్టాలి, మానుకు కాదు.

నయీంనగర్ టీచరమ్మ

సార్, మా తురాయి మొదలు తట్టి చూశాం, గట్టిగానే మోగింది. వెదురు దడికి డబ్బులు పోగుచేయడం మొదలుపెట్టాం. నడక దారిని మలుపు దగ్గర కొంచెం పక్కకు జరపడానికి కార్యదర్శి ఒప్పుకున్నారు. చెట్టును కొట్టించాలన్న వారు ఇద్దరు నిన్న సాయంత్రం వచ్చి, తొర్రలో నుంచి తల బయట పెట్టిన పిట్టను చూసి, ఆదివారం తమ మాట వెనక్కి తీసుకుంటామన్నారు. వేపలకు చిగురు కూడా కనబడుతోంది. బోర్డు మీద మాటలు మా ఆరో తరగతి పిల్లలే రాస్తామంటున్నారు. పిట్ట బొమ్మ కూడా వేస్తారట, మగదీ ఆడదీ తేడా తెలిసేలా.